ఫ్రీరేడియస్‌లో యూజర్లు: టెక్స్ట్ ఫైలా, మరియాడీబీనా?

గుంటూరు బ్రాడీపేటలో ఓ హాస్టల్ వైఫైకి ఉబుంటు (లినక్స్ ఓఎస్) మీద ఫ్రీరేడియస్ పెడుతున్నారనుకోండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చూసి వైఫైలోకి రానిచ్చే సర్వర్ ఇది. ఆ యూజర్ల పేర్లు మామూలు టెక్స్ట్ ఫైల్లో పెట్టాలా, మరియాడీబీ అనే డేటాబేస్‌లోనా?

ఖర్చు: రెండూ ఉచితమే, పాత డెస్క్‌టాప్ చాలు.

శ్రమ: ఫైలైతే మనిషికో లైను, అంతే. కాకపోతే పేరు చేర్చిన ప్రతిసారీ సర్వీసును రీలోడో రీస్టార్టో చేయాలి. మరియాడీబీకి స్కీమా (టేబుళ్ల నమూనా) ఎక్కించాలి, ఫ్రీరేడియస్‌ను డేటాబేస్‌తో కలిపే ఎస్‌క్యూఎల్ మాడ్యూల్ ఆన్ చేయాలి. ఆ తర్వాత యూజర్లుండే రాడ్‌చెక్ టేబుల్‌లో వరుస పడగానే లాగిన్ పనిచేస్తుంది. ఎవరు ఎంత డేటా లాగారో రాడ్‌ఆక్ట్ అనే టేబుల్ చెబుతుంది. వార్డెన్‌కు కావాల్సింది అదే!

రిస్కు: ఫైల్లో కామా తేడా వస్తే సర్వీసు లేవదు, డీబగ్ మోడ్‌లో (తప్పులు చూపించే పద్ధతిలో) నడిపితే లైను నంబరు చూపిస్తుంది. డేటాబేస్ పడుకుంటే కొత్తగా ఎవరికీ లాగిన్ లేదు.

విజయవాడ గవర్నర్‌పేటలో స్టాఫ్ మారని చిన్న ఆఫీసుకు ఫైలే నయం. నెలనెలా పిల్లలు మారే హాస్టల్‌కు మరియాడీబీ, రోజూ బ్యాకప్‌తో.