ఫోల్డింగ్ టెంటు జాయింట్లకు ఏది మేలు: ఇనుప బ్రాకెట్టా, బుషా?

కురుమూర్తి జాతర దగ్గర పడిందంటే నన్ను అందరూ అడిగేది ఒకటే. "అన్నా, టెంటు జాయింట్లు ఊగుతున్నయి. ఇనుప బ్రాకెట్లు ఏపియ్యాల్నా, వెల్డింగ్ కొట్టియ్యాల్నా?" నేను పాలమూరు చుట్టుపక్కల సంతల్లో బట్టలమ్ముతాను. పది బై పది టెంటును వారానికి నాలుగుసార్లు విప్పి, నాలుగుసార్లు మడుస్తాను. మొన్న ఎండాకాలం గాలిదుమారానికి నా టెంటు విరిగింది. దాన్ని బాగు చేసుకునే పనిలో అన్ని పద్ధతులూ చూశాను. చివరికి నాకు పనికొచ్చింది బుషు, అంటే బోల్టు బొక్కలో దూర్చే చిన్న ఇనుప గొట్టం ముక్క.

వెల్డింగ్ మాట మరచిపోండి. అతికించిన జాయింటు మడవడానికి రాదు. పైపు రేకు పల్చన కాబట్టి చిల్లి పడుతుంది, పైనున్న జింకు పూత కాలిపోయి తుప్పు మొదలవుతుంది. టేపు, బైండింగ్ వైరు ఆ పూట సంత గడవడానికే.

ఇనుప బ్రాకెట్టు సంగతి వేరు. మూలల్లో వచ్చే ప్లాస్టిక్ బ్రాకెట్టు మన ఎండకు రెండేళ్లలో తెల్లగా పొడి రాలుతుంది, బోల్టు పక్కన వెంట్రుకంత చీలిక వస్తుంది. దాని బదులు ఇనుపది వేస్తే ఆ చీలిక బాధ ఉండదు, నిజమే. నేనూ రెండు మూలలకు వేయించాను. తర్వాతి గాలికి బ్రాకెట్టు చెక్కుచెదరలేదు గానీ దాని కింద కాలు పైపు వంగింది. అదివరకు విరిగే ప్లాస్టిక్ ముక్క చవకది, కాలు పైపు అలా కాదు. పైగా బరువు పెరిగి, టీవీఎస్ మీద వెనక కట్టుకుంటే బండి ఒకపక్కకు లాగుతోంది.

అసలు విరగడమనేది మూలల్లో మొదలవదు. కత్తెర పట్టీలు, అంటే టెంటు మడిస్తే కత్తెరలా మూసుకునే బోలు పైపులు, ఒకదాన్నొకటి దాటే చోట, నడిమి బోల్టు దగ్గర మొదలవుతుంది. గాలికి టెంటు ఒక కాలు లేచిందంటే పట్టీ మీద వంపు ఎక్కువగా పడేది ఆ నడుమనే, బొక్క పెట్టినందుకు ఇనుము తక్కువుండేదీ అక్కడే. నా విరిగిన పట్టీలోంచి బోల్టు తీసి చూస్తే, గుండ్రంగా ఉండాల్సిన బొక్క చింతగింజలా సాగి ఉంది. బోల్టు మరలు తళతళ మెరుస్తున్నాయి. మడిచిన ప్రతిసారీ ఆ మరలు ఆకురాయిలా పల్చటి రేకును అరగదీశాయన్నమాట. ఊగుతోందని నేను నట్టు ఇంకా బిగించడంతో పైపు రెండు వైపులా లోపలికి నొక్కుకుపోయింది. లేత్ షాపులో చూపిస్తే ఆ తమ్ముడు నవ్వాడు. "నువ్వు బోల్టు బిగిస్తలేవన్నా, పైపును పిసుకుతున్నవ్" అన్నాడు.

అతను చేసిన పని చిన్నది. 6 మిల్లీమీటర్ల బోల్టు పట్టే సన్న ఇనుప గొట్టాన్ని, బయటి కొలత 8 మిల్లీమీటర్లది, ముక్కలుగా కోశాడు. పట్టీ మందం కన్నా అర మిల్లీమీటరు పొడుగు ఉంచాడు. పట్టీ బొక్కను 8కి పెద్దది చేసి ఆ బుషు దూర్చి, రెండు పట్టీల మధ్య ఒక వాషరు, బయట చెరొకటి వేసి, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి ఊరికే వదులవ్వనిది) బిగించాడు. ఇప్పుడు నట్టు ఎంత బిగించినా ఆ బిగువు బుషు మీదే పడుతుంది, పైపు నలగదు. పట్టీ బుషు చుట్టూ హాయిగా తిరుగుతుంది. మరలు పైపును తాకనే తాకవు. నాలుగు వైపులా రెండేసి కత్తెరలు, కత్తెరకు రెండు పట్టీలు, మొత్తం 16 బుషులు. ఒక్కోటి 20 రూపాయల లెక్కన 320 అయింది. అప్పటినుంచి రెండు దుమారాలు చూసింది, నడుమ ఊగులాట లేదు.

అయితే బొక్క ఇప్పటికే బాగా సాగిపోయి ఉంటే బుషు నిలవదు, పట్టీ మార్చాల్సిందే. లేత్ షాపు అందుబాటులో లేనివాళ్లు కనీసం సగం మరల బోల్టు వాడండి. నున్నటి భాగం బొక్కలో కూర్చుంటుంది. నైలాక్ నట్టును ఊగు పోయేదాకా బిగించి, పావు చుట్టు వెనక్కి వదలండి. అల్యూమినియం టెంటుకు బుషు మరీ అవసరం, ఆ లోహం ఇనుము కన్నా మెత్తన.

కాళ్లకు బరువు కట్టకపోతే మాత్రం ఏ జాయింటూ ఆగదు. నేను కాలికో 20 లీటర్ల నీళ్ల క్యాను కడతాను, అంటే 20 కిలోలు. మూలలకు మళ్లీ ప్లాస్టిక్ బ్రాకెట్లే పెట్టి, సంచిలో రెండు స్పేర్ ఉంచుకుంటున్నాను.

చిట్యాల దగ్గర హైవే పక్కన బత్తాయిలమ్మే మా బావకు మాత్రం ఇనుప బ్రాకెట్లే వేయించాం. ఆయన టెంటు కాళ్లు మందం పైపువి, సిమెంటు నింపిన డబ్బాల్లో దిగి ఉన్నాయి. సీజన్ అయ్యేదాకా దాన్ని మడిచేది లేదు, మోసేది లేదు.