త్రీ ఇన్ వన్ సాయిల్ మీటర్: కుండీలకి సరే, నత్తలకి చాలదు

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక షాపులో రూ.350 పెట్టి మట్టిలో గుచ్చి చూసే ఈ మీటర్ కొన్నాను. తేమ, పీహెచ్ (మట్టి ఆమ్లమా, క్షారమా అన్న కొలత, 7 అంటే రెండూ కాదు), వెలుతురు మూడూ చూపిస్తుందని డబ్బా మీద రాసుంది. నాకోసం కాదు, గుంటూరులో డిగ్రీ జువాలజీ చదువుతున్న మా అన్నయ్య కూతురి కోసం. అంతరించిపోయే దశలో ఉన్న నత్తల్ని ఉన్న చోటు నుంచి తరలించాల్సి వస్తే కొత్త చోటు ఎలా ఎంచుతారో రాయమని వాళ్ళకి ప్రాజెక్ట్ ఇచ్చారు. రాయడం వరకే, నత్తల్ని కదిపేది ఏమీ లేదు. "రైతులు కూడా ఇదే పట్టుకెళ్తున్నారండీ" అన్నాడు షాపాయన.

ముందు తేమ సంగతి. దీనికి బ్యాటరీ ఉండదు. రెండు వేర్వేరు లోహాల పుల్లలు తడి మట్టిలో దిగితే కొద్దిగా కరెంటు పుడుతుంది, దాంతో ముల్లు కదులుతుంది, అంతే. అందుకే మట్టిలో ఉప్పు ఎక్కువుంటే తడి తక్కువున్నా ముల్లు పైకి పోతుంది. రెండు కుండీల్లో ఒకే మట్టి నింపి, ఒకదానికి మామూలు నీళ్ళు, ఇంకోదానికి అంతే కొలతలో ఉప్పు నీళ్ళు పోసి చూశాం, ఉప్పుది బాగా ఎక్కువ చూపించింది. ఒకే తోటలో ఈ మూలకీ ఆ మూలకీ తేడా చూసుకోడానికైతే పనికొస్తుంది.

పీహెచ్ మాత్రం దండగ. నిమ్మరసం కలిపిన మట్టిలో గుచ్చినా, సున్నం కలిపిన మట్టిలో గుచ్చినా ముల్లు 7 దగ్గరే కూర్చుంది. నత్తకి గుల్ల కట్టుకోడానికి కాల్షియం కావాలి కాబట్టి సున్నపు నేలా కాదా అన్నది పెద్ద విషయమే, కానీ దానికి ఈ మీటర్ అక్కర్లేదు, మట్టి మీద కాస్త వెనిగర్ పోస్తే సున్నం బాగా ఉన్న చోట బుడగలు వస్తాయి. అంకెలే కావాలంటే భూసార పరీక్ష చేయించుకోవడం నయం. వెలుతురు స్కేలు 2000 లక్స్‌తో ఆగిపోతుంది, మన నడినెత్తి ఎండేమో లక్ష దాకా పోతుంది, కాబట్టి బయట ఎక్కడ పెట్టినా ముల్లు చివరికి పోయి కొట్టుకోవడమే.

ఇక అసలు సంగతి. ఇంగ్లండ్‌లో న్యూబరీ బైపాస్ రోడ్డు వేసేటప్పుడు, 1996లో, డెస్మౌలిన్స్ వోర్ల్ స్నెయిల్ అనే నత్త అడ్డొచ్చింది. మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు, ఏడాది పొడుగునా నీరు పైపైనే ఉండే చిత్తడి నేలలో గడ్డి పట్టుకుని బతుకుతుంది. అది ఉన్న నేలని గడ్డితో సహా పెళ్ళగించి వేరే చోట పరిచారు. పదేళ్ళు తిరిగేసరికి ఆ కొత్త చోట అవి మిగల్లేదు. తరలించిన రోజు నేల తడిగా ఉంటే సరిపోదు కదా, ఈ మీటర్ చెప్పేదేమో ఆ ఒక్క నిమిషం సంగతే. మన దగ్గర తొలకరిలో కొలిస్తే ఏ చెట్టు కిందైనా నత్తలకి స్వర్గంలాగే కనపడుతుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో అదే చోట ఎండాకుల కింద చల్లదనం మిగులుతుందా లేదా చూడాలి.

పైగా శత్రువు ఎవరో ఏ ముల్లూ చెప్పదు. ఆఫ్రికా రాక్షస నత్తల్ని తింటుందని 1977లో పసిఫిక్ సముద్రంలోని మూరియా దీవికి ఇంకో మాంసాహారి నత్తని తెచ్చి వదిలారు, అదేమో అక్కడి పార్టులా నత్తల్ని తుడిచిపెట్టేసింది. తేమ, చెట్లు, నీడ అన్నీ అక్కడే ఉన్నాయి మరి. జూల్లో పెంచి కాపాడుకున్న పార్టులాల్ని ఫ్రెంచ్ పాలినీషియా దీవుల్లో మళ్ళీ అడవిలోకి వదలడం 2015లో గానీ మొదలవ్వలేదు. ఇది చదివాక మా పిల్ల "బాబాయ్, ముందు అక్కడ ఎవరు తింటారో రాస్తా, తేమ తర్వాత" అని ప్రాజెక్ట్ వరస మొత్తం మార్చేసింది.

ఇలాంటి పనికైతే గాలిలో తేమ, వేడి రాత్రింబవళ్ళు రికార్డు చేసే చిన్న డిజిటల్ లాగర్ కొనుక్కోండి, ధర ఎక్కువే కానీ ఎండాకుల కింద పెట్టి నెలల తరబడి వదిలేయొచ్చు. కుండీకి నీళ్ళు పోయాలా వద్దా అని చూసుకోడానికి మాత్రమే అయితే ఈ మీటర్ చాలు, రెండు స్టార్లు దానికే. పుల్లల్ని మట్టిలోనే వదిలేయకండి, చూసిన వెంటనే తీసి తుడవాలి, లేకపోతే తుప్పు పట్టి ఆ ఒక్క పని కూడా చేయదు. బిల్లు ఇచ్చారు గానీ, వాపసు తీసుకోమంటే తీసుకోలేదు.