ముట్లు ఆగాక బ్లీడింగ్: పైపెల్, డి అండ్ సి, హిస్టరోస్కోపీ - ఏది మేలు?

"అమ్మకి ముట్లు ఆగి ఆరేళ్లయింది, మళ్లీ కనబడుతోంది. ఒక డాక్టరు డి అండ్ సి అంటున్నారు, ఇంకొకరు సన్న గొట్టంతో ముక్క తీస్తామంటున్నారు. ఏది చేయించాలి?" ఈ ప్రశ్న తరచూ వస్తోంది. ఇలా బ్లీడింగ్ అయినవాళ్లలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి లోపొర క్యాన్సర్ బయటపడుతుంది. మిగతావాళ్లకు "క్యాన్సర్ లేదు" అన్న రిపోర్టే చేతికొస్తుంది. ఆ రిపోర్టును ఎంతవరకు నమ్మొచ్చు? నా లెక్కలో ఏది మేలో తేల్చేది అదే.

డి అండ్ సి అంటే గర్భసంచి ముఖద్వారం వెడల్పు చేసి లోపొరను గీకి తీయడం. థియేటరు, మత్తు, ఒక పూట ఆస్పత్రి. "గట్టిగా చూశారు" అన్న తృప్తి అందుకే. కానీ డాక్టరుకు లోపల ఏమీ కనబడదు, చేతి అంచనాతో గీకడమే. చాలామందిలో లోపొర సగం కూడా అందదు. మూలన పాలిప్ (లోపొర నుంచి పెరిగే చిన్న కండ) ఉంటే క్యూరెట్ (గీకే పరికరం) పక్కనుంచే జారిపోవచ్చు.

పైపెల్‌తోనూ చూడకుండానే తీస్తారు. 3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం, లోపల పుల్లలాంటి పిస్టన్. దాన్ని వెనక్కి లాగితే పొర తునకలు గొట్టంలోకి పీల్చుకొస్తాయి, ఫార్మలిన్ సీసాలో వేసి ల్యాబ్‌కు పంపుతారు. కాసేపు ముట్టునొప్పిలాంటి పోటు, అంతే. పొరంతా పాకిన క్యాన్సర్ దీనికి బాగానే దొరుకుతుంది. రెండూ గుడ్డిగా చేసేవే అయినప్పుడు, బీపీ, షుగరు ఉన్న పెద్దావిడకు మత్తు ఎందుకు? అందుకే నా ఓటు ముందు పైపెల్‌కే.

ఒక్క మెలిక. "శాంపిల్ చాలలేదు" అని రిపోర్టొస్తే "క్యాన్సర్ లేదు" అని కాదు. ఇళ్లలో ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. అలా వచ్చినా, రిపోర్టు బాగుండి మళ్లీ బ్లీడింగ్ అయినా హిస్టరోస్కోపీకి వెళ్లాల్సిందే. కెమెరాతో చూస్తూ అనుమానమున్న చోటే ముక్క తీస్తారు. స్కాన్‌లో పాలిప్ కనబడినవాళ్లు నేరుగా దీనికే వెళ్లొచ్చు. ఖర్చెక్కువే, అయినా రిపోర్టు మీద నమ్మకం దీనితోనే ఎక్కువ.

స్కాన్‌లో పొర మందం 4 మిల్లీమీటర్లు దాటకపోతే ముక్క తీయకుండా ఆగొచ్చు, మళ్లీ కనబడనంతవరకే. పాప్ స్మియర్ గర్భసంచి ముఖద్వారానికి, ఇక్కడ దాని మీద ఆధారపడలేం.

"ఇదంతా ఎందుకు, గర్భసంచి తీయించేస్తే పోలా?" అనేవాళ్లు మన దగ్గర ఎక్కువే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్) లెక్కల్లో ఈ ఆపరేషన్‌కు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే ముందు. ముక్క పరీక్ష లేకుండా తీశాక క్యాన్సరని తేలితే కథ మారుతుంది. క్యాన్సరని ముందే తెలిస్తే సాధారణంగా అండాశయాలు, ట్యూబులు కూడా తీస్తారు, లింఫ్ గ్రంథులు చూస్తారు, సంచిని ముక్కలు చేయకుండా బయటికి తెస్తారు. తెలియక చేస్తే కొందరికి రెండో ఆపరేషన్ తప్పదు.

ఏ పద్ధతిలో తీసినా, క్యాన్సర్ అని వస్తే ల్యాబ్ నుంచి రిపోర్టుతోపాటు స్లయిడ్లు, బ్లాకులు (ముక్కను మైనంలో పొదిగి దాచినవి) కూడా అడిగి తెచ్చుకోండి. క్యాన్సర్ ఆస్పత్రిలో వాటిని సాధారణంగా మళ్లీ చూస్తారు.