పాత జిప్సీకి వెడల్పు ఇరుసులు: స్పేసర్లా, వైడ్‌ట్రాకా, జిమ్నీవా?

1985 చివర్లో మారుతి తెచ్చిన మొదటి జిప్సీ, ఎంజీ 410, ముందు చక్రాల నడిమి దూరం (ట్రాక్ అంటే ఇదే) 1,210 మిల్లీమీటర్లు, వెనక 1,220. ఇదెంత ఇరుకో తెలియాలంటే వానాకాలంలో పొలందారి పట్టించి చూడండి. ట్రాక్టర్లు తొక్కిన గాడిలో ఒక పక్క చక్రాలు దిగుతాయి, రెండో పక్కవి నడిమి గట్టెక్కుతాయి. దారంతా బండి ఒక పక్కకి ఒరిగే నడుస్తుంది. 1993లో కంపెనీయే ముందు 1,300కి, వెనక 1,310కి పెంచి వైడ్‌ట్రాక్ జిప్సీ దించింది. 1996లో వచ్చిన జిప్సీ కింగ్‌దీ అదే వెడల్పు.

ఇప్పుడు పాత బండి చేతిలో ఉన్నవాళ్ళ ముందు మూడు దారులున్నాయి: ఉన్న ఇరుసులకే స్పేసర్లు (ఇరుసు చివరి హబ్‌కీ చక్రానికీ మధ్య పెట్టే దళసరి లోహపు బిళ్ళలు) బిగించడం, వైడ్‌ట్రాక్ జిప్సీ ఇరుసులు తెచ్చి వేయడం, మారుతిదే కొత్త జీపు జిమ్నీ ఇరుసులు దూర్చడం. నా ఓటు రెండోదానికే. అయితే అది అందరికీ కాదు, ఎవరికి వద్దో కూడా చెప్తాను.

స్పేసర్లు చవక, పని పూటలో అయిపోతుంది. కంపెనీ ఇచ్చిన 90 మిల్లీమీటర్ల వెడల్పు రావాలంటే పక్కకి 45 చొప్పున వేయాలి. తేడా ఎక్కడొస్తుందంటే, కంపెనీ వెడల్పు పెంచినప్పుడు హౌసింగ్‌నీ (ఇరుసు బయటి గొట్టం) లోపలి షాఫ్టులనీ పొడుగు చేసింది. అంటే బేరింగు కూడా చక్రంతో పాటే బయటికి జరిగింది. స్పేసర్ వేస్తే బేరింగు ఉన్నచోటే ఉంటుంది, చక్రం మాత్రం దూరం పోతుంది. ఆ దూరం ఒక మీటలా పనిచేసి బరువంతా బేరింగు మీద తిప్పుతుంది. జిప్సీ వెనక ఇరుసులో షాఫ్టు చివరన పక్కకి ఒక్క బేరింగే ఉంటుంది కాబట్టి ముందు అరిగేది అదే. ముందు పక్క స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది, రాయి తగిలినప్పుడల్లా చేతిలోకి ఎదురు తంతుంది. పైగా స్పేసర్‌ని హబ్‌కి పట్టే నట్లు చక్రం వెనక దాక్కుంటాయి. అవి వదులైతే బయటికి కనపడదు. చక్రం విప్పి బిగుతు చూసుకునే ఓపిక ఎంతమందికి ఉంటుంది? బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు వేసినా మీట లెక్క ఇదే, కాకపోతే దాగిన నట్ల బెడద ఉండదు. ఊళ్ళో షోకుకి తిరిగే బండికి రిమ్ములు చాలు. అడవి దారికీ రాళ్ళ వాగుకీ రెండూ వద్దనే అంటాను.

ఇక వైడ్‌ట్రాక్ ఇరుసులు. దీని గొప్పంతా ఒక్క సంగతిలో ఉంది: కంపెనీ వెడల్పంతా కమాన్లకి (పట్టీ స్ప్రింగులకి) బయటి వైపే పెంచింది. కమాన్ కట్టల మధ్య దూరం మారలేదు. అందువల్ల యు-బోల్టులు విప్పి, పాత ఇరుసు లాగేసి, కొత్తది అదే కమాన్ల కింద పెట్టి బిగించేయొచ్చు. ఛాసిస్ మీద వెల్డింగ్ పడదు. రిమ్ముకి అయిదు బోల్టులు, 139.7 మిల్లీమీటర్ల వృత్తం, రెంటికీ ఒకటే కాబట్టి పాత రిమ్ములే ఎక్కుతాయి. కావాలంటే రేపు మళ్ళీ పాత ఇరుసులు వేసుకోవచ్చు. పాత బండి మీద ప్రేమున్నవాడికి ఇది చిన్న విషయం కాదు.

అయితే ఇరుసు తెచ్చిన రోజే కింద పడుకుని బిగించేయకండి. ముందు డిఫరెన్షియల్‌లో, అంటే ఇరుసు మధ్యనున్న గేర్ల ముద్దలో, క్రౌన్, పినియన్ గేర్ల పళ్ళు లెక్కపెట్టాలి. సుజుకీ ఈ బండ్ల కుటుంబంలో ఒక లీటరు ఇంజన్‌కి 37/9, అంటే 4.11; 1.3 లీటర్ల దానికి 41/11, అంటే 3.73 వాడింది. రెంటికీ పది శాతం తేడా. ముందు ఇరుసు ఒక లెక్కలో, వెనకది ఇంకో లెక్కలో ఉంటే గట్టి నేల మీద ఫోర్ బై ఫోర్ వేయగానే షాఫ్టులు బిగదీసుకుపోతాయి. రెండూ 3.73వే దొరికాయనుకోండి, బిగదీయడం ఉండదు గానీ 970 సీసీ, 45 గుర్రాల ఇంజన్ మారేడుమిల్లి ఘాట్‌లో గేరు దించమని ఊరికే అడుగుతుంటుంది. జిప్సీలో డిఫరెన్షియల్ మొత్తం బోల్టులు విప్పితే హౌసింగ్ నుంచి ఒకే ముద్దగా బయటికొస్తుంది కాబట్టి, పాతదాన్ని కొత్త హౌసింగ్‌లో పెట్టుకునే వీలుంది. అదీ షాఫ్టు చివరి స్ప్లైన్లు (గేరులో దిగే గాళ్ళు) కలుస్తాయో లేదో చూశాకే.

స్టీరింగ్ రాడ్లు ఇరుసుతో పాటే కొనండి, పాతవి పొట్టి అవుతాయి. ఇంజన్ వైపు నుంచి ఇరుసుని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు ఫ్లాంజి (చివరి బిళ్ళ) బోల్టు రంధ్రాలు కొలిచి చూసుకోండి. మడ్‌గార్డుల మీది ప్లాస్టిక్ అంచులూ అడిగి తీసుకోండి, లేకపోతే బురదంతా తలుపుల మీదకే. కింగ్ ఇరుసుకి ముందు డిస్క్ బ్రేకులుంటాయి. మీ పాత బండివి డ్రమ్ములైతే మాస్టర్ సిలిండర్, బూస్టర్ కూడా దానికి తగ్గవి పడాలి. ఇక్కడ కక్కుర్తి పడితే పెడల్ నేలకి తగులుతుంది. మిలిటరీ, పోలీసు బండ్లు వేలంలో పోయాక విడిభాగాలు అమ్మే కొట్లలో ఇవి దొరుకుతుంటాయి. కొనేముందు ముందు చక్రం దగ్గర, అది పక్కకి తిరిగేచోట ఉండే గుండ్రటి నకిల్ తుడిచి చూడండి. దాని చుట్టూ గ్రీజు, గేరు ఆయిలు కలిసి నల్లటి జావలా కారుతుంటే సీళ్ళు పోయినట్టే, లోపలి జాయింటుకీ నీళ్ళు తగిలి ఉండొచ్చు. బేరమాడటానికి అది మంచి ఆధారం.

జిమ్నీ ఇరుసుల మాట విని చాలామంది ఊగిపోతున్నారు. ముందు 1,395, వెనక 1,405. అంటే పాత జిప్సీ కన్నా 185 మిల్లీమీటర్లు ఎక్కువ. మొత్తం 1,460 వెడల్పున్న బాడీ కింద ఇవి పెడితే టైర్లు బాగా బయటికి పొడుచుకొస్తాయి. జిమ్నీ ఇరుసు కాయిల్ స్ప్రింగుల మీద, పొడవాటి చేతుల ఆధారంతో నిలబడేది. ఆ బ్రాకెట్లన్నీ కోసేసి కమాన్లకి పీటలు వెల్డింగ్ చేయాలి. వేడికి హౌసింగ్ వెంట్రుకవాసి వంగినా సీళ్ళూ బేరింగులూ నిలవవు. జిమ్నీలో జారే చక్రాన్ని బ్రేకుతో పట్టే తెలివి ఇరుసులో లేదు, కంప్యూటర్‌లో ఉంది. అది మీ బండికి రాదు. పైగా మన దగ్గర ఆ బండి 2023లోనే వచ్చింది, తుక్కులో సులభంగా దొరికే సరుకు కాదు. పోటీల కోసం బండి మొత్తం కొత్తగా కట్టేవాడికి తప్ప ఇది అక్కర్లేదు.

వెడల్పు పెంచాం కదా అని వెంటనే ఎత్తు లేపేవాళ్ళకి ఒక లెక్క. బండి బరువు కేంద్రం నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. 1,210 ట్రాక్‌తో అది కాగితం మీద 43 డిగ్రీల వాలు దాకా తట్టుకుంటుంది. 1,300 చేస్తే 45. పెద్ద టైర్లూ పొడవాటి షాకిల్సూ (కమాన్ చివర్ని ఛాసిస్‌కి తగిలించే పట్టీలు) వేసి కేంద్రాన్ని అయిదు సెంటీమీటర్లు లేపారా, మళ్ళీ 43కే వచ్చారు. కమాన్లూ టైర్లూ అణిగితే నిజం వాలు ఇంకా తక్కువే. అంత ఖర్చూ పెట్టి మొదటికే రావాలంటే మీ ఇష్టం.

కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్దేశాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఇరుసు అదే కంపెనీ జిప్సీది కదా అన్న వాదన బ్రేకు ఇన్‌స్పెక్టర్ దగ్గర చెల్లుతుందని ముందే ధీమా పడొద్దు. ఆర్టీఏ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగాకే డబ్బు తీయండి. ఫిట్‌నెస్ రెన్యువల్ దగ్గరపడ్డ బండైతే అది పూర్తయ్యాక ఆలోచించండి.

మీ ఎంజీ 410 ఎవరూ వేలు పెట్టని అసలు బండి అయ్యుండి, తారురోడ్డు మీదే తిరిగేదైతే, వైడ్‌ట్రాక్ ఇరుసులు కూడా వద్దు. కింగ్‌పిన్ బేరింగులు (ముందు చక్రం పక్కకి తిరిగేచోటివి) మార్చి, కమాన్ బుష్‌లు కొత్తవి వేయించి, మంచి టైర్లు కొనండి. అలాంటి ముట్టని బండ్లు ఇప్పుడు తక్కువ, కొనేవాడు ఆ ఇరుకుకే ఎక్కువ ఇస్తాడు.