ఎలుక బీపీ: తోక కఫ్, కాథెటర్, టెలిమెట్రీల్లో ఏది మేలు?

పరికరం కొనేముందు తేల్చుకోవలసింది ఒకటుంది. మీకు కావలసింది బీపీ అంకె ఒక్కటేనా, లేక ఆ బీపీని అదుపులో ఉంచే నాడుల పనితీరా? మొదటిదానికి తోక కఫ్ (తోకకు చుట్టి గాలి నింపే పట్టీ) చాలావరకు సరిపోతుంది. రెండోదానికి పనికిరాదు.

తోక కఫ్‌తో కోత లేదు, ఖర్చు తక్కువ, ఒకే ఎలుకను నెలల తరబడి వారం వారం చూడొచ్చు. చిక్కంతా తోకతోనే. ఎలుక ఒంటి వేడిని బయటికి వదలడంలో తోకది పెద్ద పాత్ర కాబట్టి, 22 డిగ్రీల ఏసీ గదిలో తోక ధమని ముడుచుకుని ఉంటుంది, అది కొట్టుకోవడం సెన్సర్‌కు అందదు. అందుకే 32–34 డిగ్రీల దాకా వెచ్చబెట్టాలి. మరీ వేడెక్కిస్తే గుండె వేగం పెరిగిపోతుంది. కఫ్ ఇరుకైతే బీపీ ఎక్కువగా, వెడల్పైతే తక్కువగా చూపిస్తుంది. ఎలుక ఎదుగుతున్నా పాత కఫే వాడేస్తుంటారు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో పుట్టిన డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ లాంటి స్థూలకాయ ఎలుకలైతే కొలిచేటప్పుడు ఎలుకను కదలకుండా ఉంచే మామూలు గొట్టంలో పట్టనే పట్టవు.

గొట్టంలో కూర్చోవడం 5–7 రోజులు అలవాటు చేసి, కొలిచే రోజున మొదటి ఐదు రీడింగులు వదిలేసి తర్వాతి పదింటి సగటు తీసుకోవాలి. ఎంత అలవాటు చేసినా బంధించిన ఎలుక బంధించిన ఎలుకే. బోనులో పగటిపూట నిమిషానికి 300–350 సార్లు కొట్టుకునే గుండె ఇక్కడ సులువుగా 400 దాటుతుంది. సింపథెటిక్ నాడులను (ఒత్తిడిలో గుండెను పరుగెత్తించేవి) కొలవబోయి వాటినే రెచ్చగొట్టినట్టవుతుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2005 సిఫార్సులు కూడా తోక కఫ్‌ను పెద్ద తేడాలు పట్టడం వరకే ఒప్పుకుంటాయి.

బారోరిఫ్లెక్స్ (బీపీ మారగానే నాడులు గుండె వేగాన్ని మార్చి దాన్ని సరిదిద్దే ప్రతిచర్య) చూడాలంటే నా ఓటు కాథెటర్‌కే, అంటే రక్తనాళంలోకి పెట్టే సన్నని గొట్టానికే. పీఈ-50 అనే పాలిథిలిన్ గొట్టానికి అంతకన్నా సన్నని పీఈ-10 ముక్కను వేడితో అతికించి తొడ ధమనిలోకి ఒకటి, మందులకు సిరలోకి ఇంకొకటి పెట్టి, చర్మం కింద నుంచి మెడ వెనక బయటికి తీస్తారు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ సెలైన్ నింపి మూసి, 24 గంటలాగి, ఎలుక మెలకువగా ఉండగా కొలుస్తారు. ఫినైలెఫ్రిన్ కిలోకు 1, 2, 4, 8 మైక్రోగ్రాముల చొప్పున ఇస్తే బీపీ పెరుగుతుంది, గుండె నెమ్మదిస్తుంది. నైట్రోప్రుసైడ్‌తో ఇది తిరగబడుతుంది. బీపీ మార్పుకు ఎదురుగా గుండె వేగం మార్పు గీస్తే వచ్చే వాలే మీ జవాబు. ఒక్కో డోసు తర్వాత బీపీ మొదటి స్థాయికి వచ్చేదాకా ఆగాలి. ఇదంతా ఐసోఫ్లూరేన్ మత్తులో చేస్తే రిఫ్లెక్స్ మొద్దుబారి కనిపిస్తుంది. అది జబ్బు కాదు, మత్తు.

తెర మీది బీపీ తరంగం మీద ఓ కన్నేసి ఉంచండి. దిగువ వాలులోని చిన్న నొక్కు మాయమై, సిస్టాలిక్ తగ్గి, డయాస్టాలిక్ పెరిగి, సగటు మాత్రం దాదాపు అలాగే ఉంటే ఎలుకకేమీ కాలేదు, గొట్టంలో గాలిబుడగో గడ్డో ఉందన్నమాట. దాన్ని లోపలికి తోయకూడదు. రక్తం కనిపించేదాకా సిరంజితో వెనక్కి లాగి, ఆ తర్వాతే ఫ్లష్ చేయాలి.

వారాల తరబడి రేయింబవళ్ల లయ కావాలంటే టెలిమెట్రీకి (ఒంట్లో అమర్చి, రేడియో ద్వారా బీపీ పంపే పరికరం) సాటి లేదు, జేబు ఒప్పుకుంటే. గొట్టం కొస పొట్టలోని మహాధమనిలో మూత్రపిండ ధమనులకు దిగువన ఉండాలి. ఆపరేషన్ తర్వాత 7–10 రోజులు డేటా నమ్మొద్దు. మహాధమనిని ఎక్కువసేపు బిగించి ఉంచితే వెనక కాళ్లు పడిపోతాయి. గుండె వేగం హెచ్చుతగ్గులు విశ్లేషించేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో మనిషికి పెట్టిన పౌనఃపున్య హద్దులు (బ్యాండ్లు) అలాగే వదిలేయకండి. ఎలుకకు సాధారణంగా తక్కువ పౌనఃపున్య బ్యాండ్‌గా 0.2–0.75, ఎక్కువ పౌనఃపున్య బ్యాండ్‌గా 0.75–2.5 హెర్ట్జ్ వాడతారు.

ఈ మూడింటిలో ఏదీ రక్తనాళపు లోపలి పొర పాడైందో లేదో చెప్పదు. దానికి మహాధమని నుంచి 2–3 మిల్లీమీటర్ల రింగు కోసి, 37 డిగ్రీల క్రెబ్స్ ద్రావణంలో (కణజాలాన్ని బతికించి ఉంచే లవణ ద్రావణం) వేలాడదీయాలి. లోపలి పొర బాగుంటే ఎసిటైల్‌కొలిన్‌కు రింగు సడలుతుంది. ఫినైలెఫ్రిన్‌తో బిగిశాక ఎసిటైల్‌కొలిన్‌కు అది సడలకపోతే, జబ్బని రాసుకునేముందు ఫోర్సెప్స్ లోపలి పొరను గీకిందేమో చూసుకోండి.