పిల్లల ఫోన్: లాక్కోవడమా, టైమర్ పెట్టడమా, హాల్లో ఛార్జింగా?

బెజవాడ పటమటలో మా అపార్ట్‌మెంట్ కింద నలుగురు తల్లులం కలిస్తే మాట మార్కులతో మొదలై ఫోన్ల దగ్గర తేలుతుంది. మా వాడు పదో తరగతి. ఏడాదిలో మూడు పద్ధతులూ చూశాను.

మొదటిది లాక్కోవడం. ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశాను. మూడు రోజులు ఇల్లు ప్రశాంతం. నాలుగో రోజు అత్తయ్యగారు "పొద్దున్నే సుప్రభాతం రావట్లేదే అమ్మాయ్, నెట్ అయిపోయిందంటోంది" అన్నారు. ఆవిడది రోజుకి 1.5 జీబీ ప్యాక్. అర్ధరాత్రి 12కి కొత్త డేటా పడుతుంది, తెల్లారేసరికి ఖాళీ! సెట్టింగ్స్ తీస్తే ఆవిడ వేలిముద్ర కింద ఇంకోటి ఉంది. ఆ ఫోన్ సెట్ చేసిచ్చింది వాడే మరి. పైగా హోంవర్క్ వాట్సాప్‌లోనే వస్తుంది కాబట్టి ఎలాగూ తిరిగివ్వాల్సిందే.

రెండోది టైమర్. గూగుల్ ఫ్యామిలీ లింక్ ఉచితం. ఏ యాప్ ఎన్ని నిమిషాలో, రాత్రి ఎన్నింటికి లాక్ కావాలో మనమే పెట్టొచ్చు. ఆరు, ఏడు తరగతుల పిల్లలకి నా ఓటు దీనికే. పదో తరగతి వాడితో మాత్రం రోజూ బేరమే. ఆఫీసులో ఉండగా ఫోన్: "ఇంకో పావుగంట అమ్మా, ప్లీజ్." తల్లినా, వాచ్‌మన్‌నా అనిపించింది.

మూడోది, రాత్రి 10 కల్లా ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో ఛార్జింగ్‌కి. అలారం సాకు ఉండకూడదని బీసెంట్ రోడ్డులో గడియారం కొన్నాను. ఇబ్బంది పెట్టింది వాడు కాదు, మా ఆయన! రెండో రాత్రే మంచినీళ్ల వంకతో హాల్లోకెళ్లి కొడుక్కి దొరికిపోయారు. అయినా నాకు ఇదే మేలు. వాడి నిద్ర వెనక్కి వచ్చింది, గొడవలు తగ్గాయి.

పగటికి ఇది పనికిరాదు. మే నెల బెజవాడ ఎండలో సాయంత్రం 5 దాకా బయటికి పంపలేం. ఎండాకాలం సెలవుల్లో టైమర్ తప్పదు.

ఫోన్‌లో ఆటే లోకమై, చదువూ తిండీ పాడవుతున్నా ఆపలేకపోతుంటే ఈ మూడూ చాలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లో ఉన్న తన జబ్బుల జాబితాలో దాన్నీ చేర్చింది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

నిన్న రాత్రి హాల్లో నాలుగు ఫోన్లు. అత్తయ్యగారి కొత్త పిన్ ఆవిడకి తప్ప ఎవరికీ తెలీదు. ఆవిడా ఇప్పటికి రెండుసార్లు మర్చిపోయారు.