ఇరుకు బోరుకు రెండు పైపుల చేతిపంపు: ఏళ్ల తరబడి వాడాక

ముందే చెప్పేస్తాను, నీళ్లు ధారాళంగా కావాలనుకునేవాళ్లకు ఈ పంపు నచ్చదు. మోటారు పక్కన పెట్టి చూస్తే ఇది ఇచ్చేది చాలా తక్కువ. కానీ చెడిపోయిన రోజు మెకానిక్‌ని పిలవకుండా, ఇంట్లో ఇద్దరు మనుషులు చేత్తోనే పైకి లాగి, బాగుచేసి, మళ్లీ దించుకోగలిగే పంపు నేను వాడినవాటిలో ఇదొక్కటే. ఇన్నేళ్లయినా దీన్ని మార్చకపోవడానికి కారణం అదే.

మా బోరు చేత్తో దించిన సన్న బోరు. కేసింగ్, అంటే బోరు గోడ కూలకుండా దించే పైపు, రెండంగుళాలే. అందులో బకెట్ దిగదు, మామూలు సబ్‌మెర్సిబుల్ మోటారు దిగదు. వీధుల్లో కనిపించే ఇండియా మార్క్ 2 బోరింగు సిలిండర్ లోపలి వ్యాసమే 63.5 మిల్లీమీటర్లు, కాబట్టి దాని సంగతి ఆలోచించక్కర్లేదు. ఇక మిగిలేది నేల మీద కూర్చుని పైనుంచి పీల్చే చిన్న పంపు. ఇంతకుముందు అదే వాడేవాళ్లం. దానితో వచ్చిన చిక్కు దాని తయారీలో లేదు, గాలిలో ఉంది. పీల్చే పంపు నీళ్లను లాగదు. అది పైపులో గాలి తగ్గిస్తే, బయటి గాలి ఒత్తిడే నీటిని పైకి నెడుతుంది. సముద్రమట్టం దగ్గర ఆ ఒత్తిడి మోయగలిగేది లెక్క ప్రకారం 10.3 మీటర్ల నీరు. వాషర్ లీకులు, పైపు రాపిడి అన్నీ పోగా చేతికి దక్కేది 7 మీటర్లు. ఎత్తైన ప్రదేశాల్లో ఇంకా తక్కువ. మా బోరులో ఎండలు ముదిరేసరికి నీటిమట్టం పంపు మూతి నుంచి 12 మీటర్ల కిందికి వెళ్లిపోతుంది. అప్పుడు ఎంత మంచి వాషర్ వేసినా, ఎంత కొట్టినా గాలి శబ్దం తప్ప ఏమీ రాదు. పైగా వాషర్ ఆరిపోయిన ప్రతిసారీ పైనుంచి చెంబుతో నీళ్లు పోసి కొట్టాలి. ఆ పోసేది ఏ తొట్టిలోని మురికి నీళ్లో అయితే, ఆ మురికి నేరుగా తాగే నీళ్ల పంపులోకే వెళుతుంది.

రెండు పైపుల పంపు పని చేసేది నీళ్ల లోపల. బయటి పైపు ఒకటి, దాని అడుగున ఒక వాల్వు. అందులో జారే సన్న పైపు ఇంకొకటి, దాని అడుగున ఇంకో వాల్వు, దాని చుట్టూ రబ్బరు పట్టీ. ఈ వాల్వులంటే ఏమీ లేదు, గాజు గోళీలు. గోళీ గూటిలో కూర్చుంటే దారి మూసుకుంటుంది, లేస్తే తెరుచుకుంటుంది. లోపలి పైపును పైకి లాగితే అడుగు గోళీ లేచి బోరులోని నీరు బయటి పైపులోకి వస్తుంది. కిందికి నొక్కితే అడుగు గోళీ మూసుకుంటుంది. నీటికి వేరే దారి లేక పై గోళీని లేపుకుని లోపలి పైపులోకి ఎక్కుతుంది. హ్యాండిల్ కూడా బోలు పైపే, నీళ్లు దాని చివర నుంచే పడతాయి. అంటే నీళ్లు వచ్చేది లాగినప్పుడు కాదు, నొక్కినప్పుడు. పాత బోరింగు అలవాటున్నవాళ్లు మొదట ఇక్కడే తడబడతారు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. బొలీవియాలో వోల్ఫ్‌గాంగ్ బుచ్‌నర్ ప్రచారంలోకి తెచ్చిన ఎమాస్ పంపు ఇదే రకం. 1980ల నుంచీ అక్కడ వాడకంలో ఉంది. బంగ్లాదేశ్‌లోని తారా పంపుకు కూడా లివర్ ఉండదు, నిలబడి నేరుగా పైకీ కిందికీ ఆడించడమే. మేం వాడేది ఎమాస్ సూత్రం మీద చేసిందే. కాకపోతే హ్యాండిల్, నేల పైన కనిపించే భాగం ఇనుప పైపుతో చేశారు. ఇది చిన్న మార్పులా కనిపించినా చాలా ముఖ్యం. ఎండకు కాగిన పీవీసీ కొన్నేళ్లకు పెళుసై, చేతికింద పటుక్కుమంటుంది.

ఇక బరువు సంగతి. లివర్ లేకుండా 12 మీటర్ల నుంచి తోడడమంటే భుజాలు పోతాయని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూడండి. బయటి పైపు లోపలి వ్యాసం 32 మిల్లీమీటర్లు, సన్న పైపుది 20 అనుకుందాం. పైకి లాగేటప్పుడు మనం మోసేది సన్న పైపులోని నీళ్లు, సుమారు 4 కేజీలు, దానికి తోడు పైపు సొంత బరువు. కిందికి నొక్కేటప్పుడు నీరు దాదాపు 6 కేజీల బలంతో ఎదురుతన్నుతుంది, కానీ అప్పుడు పైపు బరువు మనకే సాయం చేస్తుంది. ఇలా పని రెండు వైపులా పంచుకోవడం వల్లే ఇది నడుస్తోంది. 30 సెంటీమీటర్ల స్ట్రోకుకు పావు లీటరు కన్నా కొంచెం తక్కువ వస్తుంది. నిమిషానికి 40 కొడితే లెక్కకు 9 లీటర్ల పైచిలుకు, లీకులు పోగా ఇంకాస్త తక్కువ. ఒక కుటుంబం తాగడానికి, వంటకు, గిన్నెలకు సరిపోతుంది. బట్టలకు కూడా ఫరవాలేదు, ఓపికుంటే. తోటకు మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

నీళ్లు ఒత్తిడితో పైకి నెట్టబడతాయి కాబట్టి హ్యాండిల్ మూతికి మెత్తటి గొట్టం తగిలిస్తే ఎత్తులో ఉన్న డ్రమ్ములోకి కూడా ఎక్కించవచ్చు. పీల్చే పంపుతో ఇది కుదరదు. అయితే డ్రమ్ము ఎంత ఎత్తులో ఉంటే బోరు అంత లోతు పెరిగినట్టే. 12 మీటర్ల బోరుకు 4 మీటర్ల ఎత్తు కలిపితే చేతికి 16 మీటర్ల బరువు తెలుస్తుంది. గొట్టం కూడా హ్యాండిల్‌తో పాటే పైకీ కిందికీ ఆడుతుంది, క్లిప్పు గట్టిగా లేకపోతే ఊడి మొహాన కొడుతుంది.

అసలు విషయం రిపేర్లు. ఇన్నేళ్లలో మా పంపుకు వచ్చిన జబ్బులన్నీ మూడు చోట్లే: గోళీ, రబ్బరు, జాయింటు. ఏది చెడిందో తెలుసుకోవడానికి పంపు తీయక్కర్లేదు, చేతికే తెలిసిపోతుంది. పైకి లాగేటప్పుడు నీళ్ల బరువు తెలియకుండా హ్యాండిల్ తేలిగ్గా వచ్చేస్తే లోపలి పైపు గోళీ సరిగ్గా కూర్చోవడం లేదన్నమాట, ఎత్తిన నీరు ఎత్తినట్టే కిందికి జారిపోతోంది. పైకి బరువుగానే వచ్చి, నొక్కేటప్పుడు ఎదురు లేకుండా దిగిపోతే అడుగు గోళీ. నీరు మళ్లీ బోరులోకే పోతోంది. గబగబా కొడితే నీళ్లు వస్తూ, మెల్లగా కొడితే రాకపోతే రబ్బరు అరిగిందని అర్థం.

గోళీ దగ్గర చాలాసార్లు దోషం గోళీది కాదు, దాని గూటిలో ఇరుక్కున్న ఇసుక రేణువుది. చిన్న చిన్న స్ట్రోకులు వేగంగా కొడితే అది కొట్టుకుపోతుంది. అలా పోకపోతే తీయాల్సిందే. మా నీళ్లలో ఇనుము ఎక్కువ. తీసి చూస్తే గోళీ మీద, గూటి అంచు చుట్టూ తుప్పు రంగు జిగురు పూత పట్టి ఉంటుంది, వేలితో రాస్తే బంకలా సాగుతుంది. పాత గుడ్డతో తుడిచి, గూటి అంచును గోరుతో తడిమి ఎక్కడా గరుకు లేదని చూసుకుంటే చాలు. గాజు అరగదు. అరిగేది పీవీసీ గూడే, అది కూడా చాలా నెమ్మదిగా.

రబ్బరు పట్టీ సైకిల్ ట్యూబు ముక్క. ఇసుక ఎక్కువ వచ్చే బోరులో ఇది త్వరగా పోతుంది, అందుకే పంపు అడుగు బోరు అడుగుకు ఆనకుండా కనీసం ఒక మీటరు పైన ఉంచాలి. పట్టీ మరీ బిగుతుగా ఉంటే పంపు బరువెక్కి మనిషి అలిసిపోతాడు, మరీ వదులైతే నీళ్లు రావు. సరైన బిగువు ఎంతో ఏ కాగితం మీదా ఉండదు. తడి పైపులో చేత్తో తోస్తే కొద్దిగా ఆగి ఆగి జారాలి, అంతే.

జాయింటు మాత్రం నాకు నిజంగా కోపం తెప్పించింది. అమ్మినవాళ్లు లోపలి పైపుకు మరలు కోసి అతికించారు. సన్న పైపుకు మర కోస్తే అక్కడ మందం సగమైపోతుంది. ఒక ఎండాకాలం, నీళ్లు అట్టడుగున ఉన్న రోజుల్లోనే, సరిగ్గా ఆ మర దగ్గర పైపు తెగి కింది ముక్క లోపలే ఉండిపోయింది. వేరే పంపయితే బోరులోకి కొక్కేలు దించి తంటాలు పడాల్సి వచ్చేది. ఇక్కడ తెగిన ముక్క బయటి పైపులోనే ఉంటుంది కదా, మొత్తం పైకి లాగి, తలకిందులు చేస్తే జారి బయటికొచ్చింది. ఆ తర్వాత మరలన్నీ తీసేసి, సాల్వెంట్ సిమెంటుతో పొడవాటి కాలర్లు అతికించాం. అతికించాక రాత్రంతా ఆరనిచ్చే దించాం. మళ్లీ తెగలేదు.

పైపు తీసేటప్పుడు ఒక జాగ్రత్త. పన్నెండు పదిహేను మీటర్ల పైపు ఒకే ముక్కగా పైకి వస్తుంది. ఒకరు లాగుతుంటే ఇంకొకరు దాన్ని విల్లులా వంచుతూ నేల మీదికి దించాలి. పైన కరెంటు తీగలుంటే ఈ పని అస్సలు చేయకూడదు. తడి పైపు, దాని కొసన ఇనుప హ్యాండిల్, ఆలోచించుకోండి.

నచ్చనివి కూడా చెప్పాలి. మోకాళ్లు, భుజాలు సరిగా లేనివాళ్లకు ఇది కష్టమే. మా ఇంట్లో పెద్దవాళ్లు నీళ్లు బాగా దిగిపోయిన నెలల్లో దీని జోలికి రారు. పిల్లలు హ్యాండిల్ పట్టుకుని ఊగుతారు, పైనున్న బుష్, అంటే లోపలి పైపును నిటారుగా పట్టి ఉంచే కడియం, వంకరగా అరిగేది వాళ్ల వల్లే. బుష్ అరిగితే రెండు పైపుల మధ్య సందులోంచి వాననీరు, చీమలు లోపలికి పోతాయి, కాబట్టి చిన్న టోపీలాంటిది అమర్చుకోవాలి. రోజంతా జనం వరస కట్టే చోట ఇది పెట్టొద్దు. అక్కడ ఇండియా మార్క్ 3 బోరింగు లాంటి బరువైన పంపే సరి. దాని 65 మిల్లీమీటర్ల పైపులోంచి పిస్టన్‌ను పైపులు ఊడదీయకుండానే బయటికి తీయొచ్చు. దానికి బోరు వెడల్పుగా ఉండాలి, అది వేరే విషయం.

కొనాలనుకునేవాళ్లు, లేదా చేయించుకునేవాళ్లు, దించకముందే ఒక పరీక్ష చేయండి. రెండు పైపులనూ విడదీసి, ఒక్కోదాన్ని నిలబెట్టి పైనుంచి నిండా నీళ్లు పోయండి. అడుగున పొడి సిమెంటు గచ్చు గానీ అట్టముక్క గానీ ఉంచితే లీకు వెంటనే కనబడుతుంది. కాసేపాగాక మట్టం దిగకపోతే గోళీ సరిగ్గా కూర్చున్నట్టు. ఎప్పుడో ఒక చుక్క పడితే ఫరవాలేదు, వాడుతుండగా సర్దుకుంటుంది. సన్న ధారగా కారితే గూటిని నున్నటి ఉప్పుకాగితంతో సరిచేయమని అక్కడికక్కడే అడగండి.